రాత్రి వాన పడితే పొద్దున అందుకోని మారుతి 800: ఇంకో పార్టు కొనే ముందు చీకట్లో బానెట్ ఎత్తి చూడండి

మీరు చెప్పింది ముందు ఒకసారి నా మాటల్లో చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. నాన్నగారు కొన్న 1998 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. అమలాపురం దగ్గర మీ ఇంటి ఆవరణలో కొబ్బరిచెట్ల కింద ఉంటుంది, పైన షెడ్డు లేదు. రాత్రి వాన పడితే మర్నాడు ఆరింటికి సెల్ఫ్ బాగానే తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. పదకొండింటికి ఎండ తగిలాక ఎవరూ ఏమీ చేయకుండానే స్టార్ట్ అయిపోతుంది. ఇప్పటికే బ్యాటరీ కొత్తది వేశారు, ప్లగ్గులు మార్చారు, కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయించారు. ఇప్పుడు కాయిల్ మార్చాలంటున్నారు. నెలకి రెండుసార్లు తెల్లవారుజామునే అమ్మగారిని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి కాబట్టి వాన పడిన ప్రతి రాత్రీ మీకు టెన్షన్. బండి అమ్మేయమని బంధువులు అంటున్నారు.

అమ్మకండి. కాయిల్ కూడా ఇంకా కొనకండి.

నేను 31 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం కాకినాడలోనే. సముద్రపు గాలి, ఉప్పు, వాన, పాత బండ్లు, వీటి మధ్యే నా పనంతా. మీరు చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ‘ఏమీ చేయకుండానే పదకొండింటికి స్టార్ట్ అవుతోంది’ అన్నది. కాయిల్ లోపల తీగ తెగితే ఎండ తగిలినా అతుక్కోదు. కార్బొరేటర్ జెట్‌లో చెత్త పడితే వానకీ ఎండకీ సంబంధం లేకుండా అడ్డు పడుతుంది. తడి ఆరగానే పోయే జబ్బు అంటే, తడి ఉన్నంతసేపూ స్పార్క్ ప్లగ్గు దాకా చేరకుండా మధ్యలో ఎక్కడో కారిపోతోందన్నమాట.

మీది కోనసీమ కాబట్టి మీకు కాలువలతో చెబితే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. శివారు చేనుకి నీళ్లు రాకపోతే లాకుల దగ్గర తలుపులు మార్చరు కదా, గట్టు వెంట నడిచి గండి ఎక్కడ పడిందో చూస్తారు. మీ బండికి ఇప్పటిదాకా జరిగింది తలుపులు మార్చడమే. గట్టు వెంట ఇంకా ఎవరూ నడవలేదు.

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని కాయిల్ 15 వేల నుంచి 25 వేల వోల్టుల దాకా పెంచుతుంది. ఆ కరెంటు మధ్య తీగ గుండా డిస్ట్రిబ్యూటర్ మూతలోకి వెళ్లి, అక్కడ తిరిగే రోటర్ మీదుగా మూడు ప్లగ్ వైర్లలో ఒకదానిలోకి దూకి, చివరికి ప్లగ్గు కొసన ఉన్న ఖాళీని దాటాలి. ఆ ఖాళీ 0.7 నుంచి 0.8 మి.మీ. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు దూకడానికి సుమారు 3 వేల వోల్టులు చాలు. కానీ సిలిండర్ లోపల పెట్రోలూ గాలీ కలిసి నొక్కుకుపోయి ఉంటాయి, ఆ ఒత్తిడిలో అదే ఖాళీ దాటడానికి చాలా రెట్లు ఎక్కువ కావాలి. దారిలో ఎక్కడైనా అంతకంటే సులువుగా బాడీలోకి పోయే మార్గం కనిపిస్తే కరెంటు అటే పోతుంది.

వాన నీళ్లు ఒక్కటే అయితే ఇంత నష్టం చేయవు. మూత మీద, వైర్ల మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, ఆయిల్ జిడ్డు, మన తీరంలో అయితే ఉప్పు, ఈ పొర పొడిగా ఉన్నప్పుడు కరెంటుని పోనివ్వదు. రాత్రంతా తేమ పీల్చుకుంటే అదే పొర ఒక తీగలాగా పనిచేస్తుంది. పదకొండింటికి ఆరిపోతుంది, దారి మూసుకుపోతుంది, బండి స్టార్ట్ అవుతుంది.

ఇక్కడే చాలామంది మెకానిక్‌లు పొరపడే చోటు ఒకటుంది. ప్లగ్గు బయటికి తీసి, వైరుకి తగిలించి, ఇంజిన్ మీద ఆనించి సెల్ఫ్ కొట్టి ‘చూడండి, స్పార్క్ వస్తోంది, కరెంటు బాగుంది’ అంటారు. బయట గాలిలో ఆ ప్లగ్గుకి పని చాలా తక్కువ. కారిపోగా మిగిలిన బలహీనమైన కరెంటు కూడా అక్కడ స్పార్క్ చూపిస్తుంది, లోపల బిగించాక ఒత్తిడిలో చూపించలేదు. అందుకే బయట కనిపించిన స్పార్క్‌ని చూసి పెట్రోల్ వైపు వెళ్లిపోతారు, కార్బొరేటర్ విప్పుతారు. మీ విషయంలోనూ అలాగే జరిగి ఉంటుందని నా అనుమానం. పెట్రోల్ లోపమైతే పొడి రాత్రి తర్వాత కూడా ఇబ్బంది పెట్టాలి. పొడిగా ఉన్న రోజు అదే పది గంటలు ఆగి ఉన్నా మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోందంటే ఫ్లోట్ చాంబరూ పంపూ చోకూ తమ పని చేస్తున్నట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. దీన్ని నేను ఒక కరెంటు కోత వల్ల నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక డాక్టరుగారి పద్మిని కారు మా దగ్గరికి వచ్చింది. అప్పటికే వేరే చోట రెండు కాయిల్స్ మార్చారు. నేను కండెన్సర్ మార్చాను, వైర్లు మార్చాను. వాన రోజుల్లో మిస్సింగ్ అలాగే ఉంది. ఒక సాయంత్రం సన్నగా జల్లు పడుతుండగా బండి ఐడిల్‌లో పెట్టి వింటున్నాను, కరెంటు పోయింది. షెడ్డంతా చీకటి. అప్పుడు కనిపించింది: డిస్ట్రిబ్యూటర్ మూత మీద మధ్య తీగ మొదట్లోంచి పక్కనున్న క్లిప్పు దాకా దారం అంత సన్నని నీలం గీత, మిణుకు మిణుకుమంటూ. దానితో పాటే చిన్న ‘టిక్ టిక్’ చప్పుడు. మూడు వారాలుగా ట్యూబ్‌లైట్ వెలుగులో అదే మూతని నేను చేత్తో పట్టుకుని చూస్తూనే ఉన్నాను. కంటికి ఏ పగులూ కనపడలేదు. మర్నాడు కొత్త మూత వేశాం. ఆ డాక్టరుగారు ఆ బండిని ఇంకా చాలా వానాకాలాలు నడిపారు. అప్పటినుంచి తడికి మొరాయించే ప్రతి పెట్రోల్ బండినీ నేను ముందు చీకట్లోనే చూస్తాను.

మీరూ అదే చేయండి. పరీక్షకి ఇంజిన్ నడుస్తూ ఉండాలి కాబట్టి వాన లేని రోజు ఎంచుకోండి. రాత్రి ఎనిమిది దాటాక, వీధి దీపం పడని చోట బండి పెట్టండి. ఆరుబయటే పెట్టండి, మూసిన గదిలో వద్దు, సైలెన్సర్ పొగ ప్రాణం మీదికి తెస్తుంది. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టండి. ముందుగా పెట్రోల్ వాసన, కారుడు ఏమైనా ఉందేమో చూసుకోండి. ఉంటే ఈ పరీక్ష చేయకూడదు, ముందు అది బాగు చేయించాలి. లుంగీ, కండువా, చున్నీ లాంటివి బెల్టు దగ్గరికి రానీయకండి. నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్ వైర్లని చేత్తో తాకొద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లని దూరంగా ఉంచండి.

ఇస్త్రీకి బట్టల మీద నీళ్లు కొట్టే చిన్న స్ప్రే సీసా తీసుకోండి. ముక్కు తిప్పితే మంచులాగా సన్నగా పడాలి, ధార కాదు. మొదట నీళ్లు కొట్టకుండానే రెండు నిమిషాలు చూడండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. తర్వాత మూత మీద ఒకసారి కొట్టి ఆగండి. చూడండి, వినండి. ఇంజిన్ తడబడిందా, టిక్ టిక్ వచ్చిందా, నీలం మెరుపు కనిపించిందా? ఏమీ లేకపోతే మధ్య తీగ మీద. తర్వాత ఒక్కో ప్లగ్ వైరు మీద, ఒకటి తర్వాత ఒకటి. చివరికి కాయిల్ నెత్తి మీద. అన్నిటి మీదా ఒకేసారి కొట్టేస్తే గండి ఎక్కడో తెలియదు, పరీక్ష వృథా. వేడి సైలెన్సర్ పైపు మీదా, ఆల్టర్నేటర్ మీదా, ఎయిర్ క్లీనర్ మూతిలోకీ నీళ్లు పడనీయకండి.

చాలా బండ్లలో పది నిమిషాల్లో దొంగ దొరుకుతాడు. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే చోటు డిస్ట్రిబ్యూటర్ మూత, ఆ తర్వాత ప్లగ్ వైర్లు. కాయిల్ ఆ రెండింటి తర్వాతే.

నడుస్తున్నప్పుడు పైన ఏమీ కనపడకపోయినా మూతని వదిలేయొద్దు, ఎందుకంటే తడి లోపల కూడా చేరుతుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, మూత విప్పండి. వైర్లు మూతకే ఉండనివ్వండి. ఒకవేళ తీయాల్సి వస్తే ప్రతి వైరుకీ దాని గూటికీ ఒకే నంబరు వేసి జిగురు టేపు అంటించాకే తీయండి. మూడు వైర్లే కదా అని తీసి, తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేసి, లేని జబ్బు తెచ్చుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

మూత లోపలి గోడని టార్చ్ వెలుగులో ఏటవాలుగా చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లటి గీత ఒక లోహపు ముక్క నుంచి ఇంకోదానికో, అంచుకో పాకి ఉంటే అదే గండి. కరెంటు ఒకే దారిలో పదేపదే కారి ఆ ప్లాస్టిక్‌ని కాల్చి బొగ్గు చేసింది. బొగ్గు కరెంటుని పోనిస్తుంది. అందుకే ఒకసారి ఆ గీత పడితే తుడిచినా, ఉప్పుకాగితంతో గీకినా మళ్లీ అక్కడినుంచే పోతుంది. గీకి వాడుకోమని ఎవరు చెప్పినా వినకండి, మూత మార్చడమే మార్గం. పగులు కనిపిస్తే గోళ్ల రంగు పూయడం పాత చిట్కా. ఒక ప్రయాణానికి పనికొస్తుంది, అంతకంటే నమ్మొద్దు. లోపలున్న మూడు లోహపు ముక్కల మీద పచ్చగా, తెల్లగా పొడి పేరుకుంటే కూడా కొత్తదే మేలు. మధ్యలో స్ప్రింగు మీద చిన్న నల్ల బొగ్గు బొడిపె ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి రావాలి. అది అరిగిపోయినా, ఇరుక్కుపోయినా పొడి రోజుల్లో బండి నెట్టుకొస్తుంది, తడి రోజున చేతులెత్తేస్తుంది. రోటర్ కొస కాలి నల్లబడి ఉంటే దాన్నీ మూతతో పాటే మార్చండి. రెండూ కలిపి కొన్నా మీరు బ్యాటరీకి పెట్టిన దాంట్లో చిన్న వంతే అవుతుంది.

మూత లోపల చెమట పట్టినట్టు నీటి చుక్కలు కనిపిస్తే ఇంకో రెండు విషయాలు చూడాలి. మూత కింద రబ్బరు రింగు ఉందా, ఎండిపోయి చీలిందా అన్నది ఒకటి. డిస్ట్రిబ్యూటర్‌కి గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటే అది మట్టితో పూడిందా అన్నది రెండోది. లోపల ప్రతి స్పార్కుకీ ఓజోన్ వాయువు పుడుతుంది, అది తేమతో కలిసి లోహాన్ని తినేస్తుంది. గాలి ఆడకపోతే అదంతా లోపలే ఉండిపోతుంది. అందుకే నీళ్లు రాకుండా అని డిస్ట్రిబ్యూటర్‌ని ఎంసీల్‌తోనో సిలికాన్‌తోనో పూర్తిగా మూసేయడం తప్పు. అలా మూసిన బండ్లు నా దగ్గరికి ఏడాదిలోపే తిరిగొచ్చాయి.

మూత తీసినప్పుడే కాయిల్‌కి కరెంటుని తెంచి కలిపే పాయింట్లు ఉన్నాయా, వాటి బదులు అదే పని చేయించే ఎలక్ట్రానిక్ పికప్ ఉందా అన్నది కూడా తెలిసిపోతుంది. ఇంత వయసు బండిలో మధ్యలో ఎవరు ఏం మార్చారో చెప్పలేం, కాబట్టి మోడల్ సంవత్సరం చూసి ఊహించొద్దు. పాయింట్లు ఉంటే పొడి గుడ్డతో తుడిచి, ఖాళీ 0.4 నుంచి 0.5 మి.మీ. ఉండేలా ఫీలర్ గేజ్‌తో సరిచేయించండి. పికప్ ఉంటే దాన్ని కదపకండి.

ప్లగ్ వైర్ల విషయంలో మల్టీమీటర్ సగమే నిజం చెబుతుంది. లోపల బొగ్గు పోగు ఉన్న ప్లగ్ వైర్లు మీటరు పొడవుకి సాధారణంగా 10 వేల నుంచి 20 వేల ఓంల మధ్య చూపిస్తాయి. మూడింటిలో ఒకటి మిగతా వాటికంటే బాగా తేడాగా ఉన్నా, అసలు రీడింగే రాకపోయినా అది పోయినట్టే. కానీ రీడింగ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన వైరు మంచిదని కాదు. మల్టీమీటర్ పంపేది చిన్న బ్యాటరీ కరెంటు, పై తొడుగులో ఉన్న పగులు దానికి తెలియదు. వేల వోల్టులు పారినప్పుడే అది బయటపడుతుంది, అందుకే నేను చీకటి పరీక్షని ఇంత గట్టిగా చెబుతున్నది. వైరు ఇంజిన్ మీద ఎక్కడైనా రాసుకుంటోందా, ప్లగ్గు టోపీ రబ్బరు గట్టిపడి విడిపోయిందా, ఎలుకలు కొరికాయా అన్నవి చూడండి. కొబ్బరితోటలో ఆగే బండి బానెట్ కింద ఎలుక గూడు ఉండటం కొత్తేమీ కాదు. పీచు, ఆకులు తెచ్చి ఇంజిన్ పక్కన కుక్కుతుంది, అది స్పాంజిలాగా రాత్రంతా తేమ పట్టి ఉంచుతుంది.

కొత్త ప్లగ్గులు వేశారన్నారు. వాటి బయటి తెల్లటి పింగాణీ మీద గ్రీజు చేతి మరకలు ఉంటే స్పిరిట్‌తో తుడిపించండి. ఆ మరక మీదుగానే కరెంటు కిందికి జారిపోతుంది. ఇంత చిన్న విషయం వల్ల కొత్త ప్లగ్గులు పనికిరానివిగా లెక్కకెక్కడం నేను చూశాను.

కొత్త బ్యాటరీ వృథా అయిందని బాధపడకండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోతుంది, ఆ పడిన వోల్టేజ్‌తోనే కాయిల్ పని చేయాలి. మంచి బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.6 దగ్గర, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6కి తగ్గకుండా ఉండాలి. అంతకంటే పడితే స్పార్క్ బలం తగ్గి, చిన్న గండి కూడా పెద్దదవుతుంది. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందని అర్థం. విప్పి, మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే చాలు. ఉప్పు గాలి ఉన్నచోట ఇది రెండేళ్లకోసారి చేసుకోవాల్సిన పని.

ఇదంతా కుదిరే లోపు వాన పడి, తెల్లవారి అయిదింటికి అమ్మగారిని తీసుకుని బయల్దేరాల్సి వస్తే ఏం చేయాలో చెబుతాను. బండిలో ఎప్పుడూ రెండు పొడి నూలు గుడ్డలు, ఒక డబ్ల్యూడీ-40 డబ్బా ఉంచుకోండి. ఆ పేరులోని రెండు అక్షరాలకి నీటిని తోసేయడం అనే అర్థం, 1953లో దాన్ని తయారు చేసిందే అందుకు. తాళం తీసేసి, మూత పైభాగం, కాయిల్ నెత్తి, వైర్లు తుడవండి. ఒక్కో వైరు తీసి గూడు తుడిచి, దాన్ని అక్కడే పెట్టాకే రెండోది తీయండి. మూత విప్పి లోపల తుడవండి. స్ప్రే పల్చగా కొట్టి మళ్లీ తుడిచి, మూడు నాలుగు నిమిషాలు బానెట్ తెరిచే ఉంచండి. ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది, అది పోయాకే సెల్ఫ్ కొట్టాలి. చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ తొక్కకుండా అయిదు సెకన్లు. అందుకోకపోతే అర నిమిషం ఆగండి. మూడుసార్లకి అందుకోక పెట్రోల్ వాసన గుప్పుమంటే ప్లగ్గులు తడిసినట్టు. అప్పుడు చోక్ లోపలికి నెట్టేసి, యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టి ఆరేడు సెకన్లు సెల్ఫ్ కొట్టండి, ఎక్కువైన పెట్రోల్ బయటికి పోతుంది.

మూతని పెట్రోల్‌తో కడిగి వెంటనే సెల్ఫ్ కొట్టే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. దయచేసి మీ బండి దగ్గర అలా చేయనివ్వకండి. కారిపోతున్న స్పార్కు, పెట్రోల్ ఆవిరి ఒకేచోట ఉంటే నిప్పు అంటుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు. కాగితం వెలిగించి వేడి చూపించడం కూడా అంతే. నలుగురు కలిసి అర కిలోమీటరు తోయించడం వల్లా ఉపయోగం తక్కువ. స్పార్క్ చేరనప్పుడు తోసిన కొద్దీ కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం పైన చెప్పినవేవీ వర్తించవు. బండి వానలో తడవడం వేరు, నీళ్లలో మునగడం వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన బండ్ల యజమానుల్లో కొందరు నీళ్లు తగ్గగానే సెల్ఫ్ కొట్టి చూశారు. సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చక్రాల సగం కంటే పైకి నీళ్లు వస్తే బ్యాటరీ నెగటివ్ తీసేసి, సెల్ఫ్ ముట్టుకోకుండా మెకానిక్‌ని పిలవండి. మీ ఊళ్లో గోదావరి వరద వచ్చినప్పుడు కూడా ఇది గుర్తుండాలి.

పెట్రోల్‌లో నీళ్ల సంగతి క్లుప్తంగా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పట్టగలిగినంత దాటితే నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. ట్యాంకు మూత రబ్బరు చీలి ఉంటే వాన నీళ్లు నేరుగా కూడా పోతాయి. ఫిల్టర్ దగ్గర పైపు తీసి గాజు సీసాలో కాస్త పట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు దింపి కడగాలి. అయితే అలాంటి బండి పదకొండింటికి తనంతట తాను బాగుపడదు, అందుకే మీ విషయంలో దీన్ని వెనక్కి నెట్టాను. 1998 నాటి రబ్బరు పైపులు మాత్రం ఈ పెట్రోల్‌కి తట్టుకునేలా చేసినవి కావు, అవి మెత్తబడ్డాయేమో చూసి మార్చేయండి.

గండి దొరికి పూడ్చాక, మళ్లీ పడకుండా చేయాల్సినవి తక్కువే. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర జల్లెడలో కొబ్బరి పూత, ఆకులు పేరుకుంటే నీళ్లు పోయే దారి మూసుకుపోయి ఇంజిన్ వైపు పొంగుతాయి, వారానికోసారి చేత్తో తీసేయండి. నేలదాకా కప్పే ప్లాస్టిక్ కవరు వద్దు. తడి నేల మీది ఆవిరంతా లోపలే ఉండిపోతుంది. బానెట్ వరకు ఒక టార్పాలిన్ పందిరిలా కట్టి పక్కల గాలి ఆడనిస్తే అంతకంటే మంచిది. ప్లగ్గు టోపీల లోపలి అంచుకి, మూత గూళ్ల రబ్బర్లకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయించండి. వాడకం తక్కువైన బండిని వారానికోసారి కనీసం ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడపండి, ఇంజిన్ బాగా వేడెక్కితేనే బానెట్ కింది తేమ పోతుంది. ఊరికే అక్కడే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే ఆ తేమ అలాగే ఉండిపోతుంది.

ఇంకో పాత ఉపాయం కూడా ఉంది. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారుకి డిస్ట్రిబ్యూటర్ ముందు గ్రిల్‌కి వెనకే ఉండేది, వాన జల్లు నేరుగా దాని మీదే కొట్టేది. అక్కడివాళ్లు రబ్బరు గ్లౌజు వేళ్ల కొసలు కత్తిరించి, ఒక్కో వేలు గుండా ఒక్కో వైరు లాగి, గ్లౌజుని మూత మీద తొడిగేవాళ్లు. మీ బండికీ అలా తొడగొచ్చు. కింద మాత్రం బిగించి కట్టకండి, గాలి ఆడాలి.

బండి అమ్మమనేవాళ్లకి ఇంకొక్క మాట చెప్పండి. 1983 డిసెంబరులో మొదటిది బయటికొచ్చినప్పటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా మారుతి 800 మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్‌తోనే నడిచింది. మూత, రోటర్, వైర్లు మీ పక్క పట్టణాల్లో కూడా దొరుకుతాయి, వాటి మీద పని తెలిసిన చేతులూ ఉన్నాయి. కొనేటప్పుడు మాత్రం పాత మూత చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి సరిపోల్చి తీసుకోండి. చూడ్డానికి ఒకేలా ఉండి క్లిప్పు దగ్గర తేడా వచ్చేవి ఉంటాయి, అవి సరిగ్గా కూర్చోక మళ్లీ తడి లోపలికి వస్తుంది.

ఈ వారం వాన లేని ఒక రాత్రి చూసి పరీక్ష చేయండి. నీలం మెరుపు ఎక్కడ కనిపించిందో, మూత లోపల గీత ఉందో లేదో, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఎంతకి పడిందో, మూడు వైర్ల రీడింగులు ఎంతో రాసి పెట్టండి. అన్నీ బాగున్నాయని తేలితే అప్పుడు కాయిల్ విప్పి కొలుద్దాం.